ఉమ్ నదీమ్ కాచిన చేదు కాఫీ

బేరూత్‌లో రాస్ అన్నబా వీధుల్లో ఎవరింట్లో మనిషి పోయినా మొదటి కబురు మసీదుకీ, రెండో కబురు ఉమ్ నదీమ్‌కీ వెళ్ళేది. కంగారులో కొందరు వరస తప్పి ముందు ఆవిడ తలుపే తట్టేవాళ్ళు.

"అందులో తప్పేముంది? ఇమాముగారు ఆలస్యమైతే పోయినవాడు కోప్పడడు. కాఫీ ఆలస్యమైతే బతికున్నవాళ్ళు ఊరుకుంటారా?" అనేది ఎదురింటి బద్రియ్యా. బద్రియ్యా నోటికి చావని లేదు, పెళ్ళని లేదు.

పరామర్శ ఇంట్లో పోసే కాఫీ వేరు. పంచదార పలుకు పడకూడదు. గింజలు మాడీ మాడని అంచుదాకా వేయించాలి. ఏలకులు దంచి వెయ్యాలి. పొంగు వచ్చినప్పుడల్లా దించి, ఆగి, మళ్ళీ ఎక్కించాలి. కాఫీ కూజా ఎడమచేత్తో పట్టుకోవాలి. చెవుల్లేని చిన్న కప్పులు ఒకదాంట్లో ఒకటి దొంతిగా కుడిచేతిలో ఉండాలి. మనిషికి గుక్కెడే. తాగినవాళ్ళు కప్పుని అటూ ఇటూ ఊపి తిరిగిస్తే ఇక చాలని అర్థం. ఊపకుండా చాపితే ఇంకో గుక్కెడు పొయ్యాల్సిందే. చాపినవాడు పగవాడైనా సరే, పోసే చేతికి కాదనే హక్కు లేదు. అందుకే ఉమ్ నదీమ్ మనుషుల మొహాలు చూసేది కాదు, కప్పులు చూసేది. ఎవరి దుఃఖం ఎంతో కప్పు పట్టుకున్న తీరు చూసి చెప్పగలదని పేరు.

ఆవిడ అసలు పేరు అఫీఫా. ఆ పేరు గుర్తింపు కార్డులో తప్ప ఎక్కడా మిగల్లేదు. కొడుకు పుట్టిన రోజు నుంచీ ఆవిడ ఉమ్ నదీమ్, అంటే నదీమ్ తల్లి; భర్త అబూ నదీమ్, అంటే నదీమ్ తండ్రి. భార్యాభర్తలు కూడా ఒకళ్ళనొకళ్ళు అలాగే పిలుచుకునేవాళ్ళు. ఆ కొడుకు కనబడకుండా పోయి పదమూడేళ్ళయింది. పిలుపు మాత్రం పోలేదు. రోజుకి నలభైసార్లు వీధంతా వాడి పేరు పెట్టే ఆవిణ్ణి పిలిచేది.

యుద్ధం రోజుల్లో బేరూత్‌ని గీత గీసి రెండు ముక్కలు చేశారు కదా, ఆ గీత వీళ్ళ వీధి చివరే. అబూ నదీమ్ అద్దె టాక్సీ నడిపేవాడు. ఎనభై అయిదో సంవత్సరం వసంతంలో బండి చక్రం దగ్గర బేరింగు అరిగిపోయింది. ఆ సామాను అమ్మే దుకాణం గీతకి అవతల ఉంది. తనకి ఆ రోజు నడుము నొప్పి. ఇరవయ్యేళ్ళ నదీమ్ అప్పుడే మంచం దిగాడు.

"వెళ్ళొస్తావురా?" అన్నాడు తండ్రి.

"గంటలో ఇక్కడుంటా" అన్నాడు వాడు.

తల్లి గుమ్మం దాకా వచ్చి, మా వైపు తల్లులందరూ బిడ్డల్ని ముద్దుచేసే మాటే అంది. "నీ చేత్తో నన్ను మట్టిలో పెట్టాలి నాయనా, జాగ్రత్త." వాడు నవ్వి, "ఇవాళ కాదులే అమ్మా, బేరింగు తేవాలి" అని మెట్లు దిగాడు. దాటే చోట ఎవరో ఆపారు. ఎవరి మనుషులో, ఎందుకు ఆపారో, ఎటు తీసికెళ్ళారో ఇప్పటిదాకా ఒక్కడూ చెప్పలేదు. ఆ రోజు తర్వాత ఉమ్ నదీమ్ ఆ ముద్దుమాట ఏ బిడ్డనీ అనలేదు.

కాఫీ కాయడం ఆవిడకి వచ్చిన పనే గాని చేపట్టిన పని కాదు. కొడుకు కోసం వెతకడంలో దొరికింది. తుపాకులు పట్టిన కుర్రాళ్ళు రోజూ చచ్చేవాళ్ళు. ఆ ఇళ్ళకి వాళ్ళ తోటివాళ్ళు, వాళ్ళ నాయకులు వచ్చి కూర్చునేవాళ్ళు. ఏ జైల్లో ఎవరున్నారో, ఎవరిని ఎవరికి మార్చుకున్నారో, ఆ ఊసులన్నీ అక్కడే దొర్లేవి. ముక్కూ మొహం తెలీని ఇంటికి ఊరికే ఎలా వెళ్తుంది? వెళ్ళి వంటింట్లో దూరేది. కాఫీ కాచేది, పోసేది, పోస్తూ పోస్తూ మెల్లగా అడిగేది. "నాయనా, నదీమ్ అని, ఎడం కనుబొమ్మ మీద గాటు ఉంటుంది, ఎక్కడైనా..." ఒకడు చూశానన్నాడు. ఒకడు పలానా కొండమీది జైలన్నాడు. ఒకడు పోయినవాళ్ళ గురించి అడిగి ఏం లాభమన్నాడు, వాడికి కూడా కప్పు నింపింది. యుద్ధం ఆగిపోయింది. అడగడానికి మనుషులు మిగల్లేదు. పని మిగిలింది.

అంతమందికి పోసిన మనిషి తను మాత్రం ఆ కాఫీ ముట్టేది కాదు. అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. చేదు కాఫీ తాగితే పోయినవాడి కోసం తాగినట్టు. ఏ ఇంట్లో తాగినా తన మనసు ఎవరి కోసం తాగుతుందో తనకి తెలుసు. ఇంటికి వచ్చాక రెండు చెంచాల పంచదార వేసుకుని తియ్యగా తాగేది. "ఉమ్ నదీమ్ తాగేది కాఫీ కాదు, పానకం" అని బద్రియ్యా వేళాకోళం చేసేది. అది వేళాకోళం కాదని ఇద్దరికీ తెలుసు.

అబూ నదీమ్ సంగతి వేరు. బేరింగు లేని టాక్సీని అలాగే అమ్మేశాడు, మళ్ళీ చక్రం పట్టుకోలేదు. తొంభై ఏడులో ఊపిరితిత్తులు మొరాయించాయి. డాక్టరు పెద్దగా ఏం దాచలేదు. ఆ ఏడు చలికాలం ముదిరేటప్పుడు ఒక మధ్యాహ్నం, పప్పూ బియ్యం కలిపి వండిన ముజద్దరా పళ్ళెం ముందు పెట్టుకుని, తినకుండా కూర్చుని అన్నాడు.

"ఉమ్ నదీమ్, నాకొక్కటి చెయ్యి."

"ఉల్లిపాయలు ఇంకా వేగాలా?"

"పిల్లాడికి మూడు రోజులు పరామర్శ కుర్చీలు వేద్దాం."

ఆవిడ చేతిలో గరిట ఆగింది.

"నేను పోయేలోగా నలుగురూ వచ్చి వాడి కోసం ఫాతిహా చదవాలి. అది విని పోతాను. వాణ్ణి పంపింది నేను. వాడికి ఒక ప్రార్థన కూడా పెట్టకుండా పైకి వెళ్ళి వాడి మొహం ఎలా చూడను?"

"పైన వాడున్నాడని నీకెవరు చెప్పారు?"

"పదమూడేళ్ళు..."

"ఉమ్ ఖాలిద్ కొడుకు తొమ్మిదేళ్ళకి రాలేదా? గడ్డం పెంచుకుని గుమ్మంలో నించుంటే తల్లే పోల్చుకోలేదు."

"ఒక్కడొచ్చాడు. వెళ్ళినవాళ్ళు ఎంతమంది?"

"వచ్చేవాళ్ళలో నా కొడుకు లేడని రాసిచ్చారా? సర్కారు చూస్తే అంతే, నాలుగేళ్ళు దాటితే చచ్చినట్టు రాయించుకోండి అంటుంది. నువ్వు చూస్తే అంతే. రేపు వాడొచ్చి, అమ్మా నా చావుకి కాఫీ కాచి పంచావా అని అడిగితే నేనేం చెప్పాలి? నా ఇంట్లో ఆ కాఫీ కాగదు. తిను, చల్లారిపోతోంది."

ఆయన తిన్నాడు. మళ్ళీ వారానికి మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే జవాబు. దగ్గు ఎక్కువైన కొద్దీ అడగడం ఎక్కువైంది. చివరికి నోటితో అడగడం మానేసి, ఆవిడ పరామర్శ ఇంటి నుంచి కూజా కడుక్కుని వచ్చినప్పుడల్లా ఆ కూజా వంక చూస్తూ కూర్చునేవాడు. ఆ చూపు కంటే అడగడమే నయమనిపించేది ఆవిడకి.

ఆ తర్వాతి వేసవిలో సినిమావాళ్ళు వచ్చారు.

జుమానా అని ముప్ఫయ్యేళ్ళ పిల్ల, సినిమా తీసేది ఆవిడే. కథ ఒక బడిపంతులమ్మది. చుట్టూ ఊరు తగలబడుతుంటే ఇల్లూ బడీ నిలబెట్టుకోవాలని చూస్తుంది, చివరికి చేతికందిన కొడుకు పోతాడు. కొడుకు పరామర్శ తియ్యడానికి గీత పక్కన గుళ్ళ దెబ్బలు తిని అలాగే మిగిలిపోయిన ఒక మేడ దొరికింది. కాఫీ పోసే మనిషి కావాలని అడిగితే వీధంతా ఒకే గుమ్మం చూపించింది.

"పిన్నీ, నాకు పరామర్శ నేర్పు" అంది జుమానా వంటింట్లో స్టూలు లాక్కుని కూర్చుంటూ. "మా నాన్న పోయినప్పుడు నేను పరదేశంలో చదువుకుంటున్నాను. ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఎవరు ముందు లేస్తారో నాకేం తెలీదు."

"తండ్రి పరామర్శకి రాలేదా?"

"విమానాశ్రయం మూసేశారు."

 ఉమ్ నదీమ్ తియ్యటి కాఫీ కలిపిచ్చింది. మూడు రోజులు వచ్చి కూర్చుంది జుమానా. గింజలు వేయించడం నేర్చుకోబోయి మాడ్చింది. "దీన్ని పోస్తే పోయినవాడు లేచొస్తాడు" అంది బద్రియ్యా.

"పిన్నీ, సినిమాలో కాఫీ నువ్వే పొయ్యి" అంది చివరి రోజు జుమానా. "ఆడవాళ్ళ వైపు. వీధివాళ్ళనే పిలుస్తున్నా. నటులు ఏడుస్తారు, మీరు ఊరికే ఉంటే చాలు."

"చచ్చినవాడెవరు?"

"సామీ అని పాత్ర. ఆ కుర్రాడు నటుడు, బతికే ఉన్నాడు."

"సరే. బతికున్నవాడికైతే పోస్తాను" అంది.

షూటింగు రోజు పొద్దున్నే వెళ్ళేసరికి గోడకి నల్ల గుడ్డ చుట్టిన ఫొటో వేలాడుతోంది. ఆ ఫొటోలోని కుర్రాడే దాని కింద కూర్చుని మనాఈష్ రొట్టె తింటున్నాడు, గడ్డానికంతా థైమ్ పొడి.

"లే నాయనా, నీ ఫొటో కింద నువ్వు తినకూడదు, మంచిది కాదు" అని వాణ్ణి వేరే గదిలోకి తరిమింది ఉమ్ నదీమ్. తర్వాత కుర్చీలు అటూ ఇటూ జరిపించింది. పైకప్పు మిగిలిన హాలు ఒక్కటే, అందుకని ఆడా మగా అందరూ అందులోనే, మధ్యలో మాత్రం నడవ. అసలు ఇంట్లోనైతే ఇలా ఉండదని ఆవిడ గొణిగితే, యుద్ధంలో ఇంట్లో ఒక్క గదే మిగిలితే ఏం చేసేవాళ్ళు పిన్నీ అంది జుమానా. అదీ నిజమే, అలాంటి ఇళ్ళల్లోనూ పోసింది ఆవిడ.

మగవాళ్ళకి పొయ్యడానికి తెచ్చిన నటుడు కూజా కుడిచేత్తో పట్టుకున్నాడు. ఆవిడ చెప్పింది. మళ్ళీ కుడిచేత్తోనే పట్టుకున్నాడు. ఊపిన కప్పులో పోశాడు, ఊపని కప్పు లాక్కున్నాడు. మూడోసారి ఒక ముసలాయన ఒళ్ళో ఒంపాడు.

"వీడు పరామర్శకి వచ్చాడా, పరామర్శ చేయించుకోడానికా?" అంది బద్రియ్యా గట్టిగా. హాలంతా నవ్వింది. నవ్వితే కెమెరా ఆపాల్సి వచ్చింది.

"పిన్నీ, అటు కూడా నువ్వే పోసెయ్" అంది జుమానా, విసిగిపోయి.

కూజా ఎడమచేతిలోకి తీసుకుంది. కప్పులు కుడిచేతిలో దొంతి పెట్టుకుంది. కెమెరా కదిలింది. చచ్చిన కుర్రాడి తండ్రి వేషం వేసిన నటుడికి ముందు పోసింది. ఆ పక్క మంగలి అబూ రియాద్, ఆ పక్క బేకరీ ముసలాయన, అందరూ వీధివాళ్ళే, నల్ల కోట్లు వేసుకుని ఉన్నారు. కప్పులే చూస్తూ వస్తోంది. వరసలో ఆరో కప్పు ముందుకు వచ్చింది. పట్టుకున్న వేళ్ళు తెలిసినవి. చూపుడు వేలి గోరు టాక్సీ తలుపులో నలిగి ఎప్పుడో నల్లబడింది.

తలెత్తింది. అబూ నదీమ్. నున్నగా గడ్డం గీసుకుని, పెట్టె అడుగున ఉండే కోటు వేసుకుని ఉన్నాడు.

"నువ్వెందుకొచ్చావ్?" అంది పెదవి కదపకుండా.

"రమ్మన్నారు, వచ్చాను."

"ఊపిరాడదు నీకు, అన్ని మెట్లు..."

"పొయ్యి."

పోసింది. తాగాడు. కప్పు ఊపలేదు. చాపి అలాగే పట్టుకున్నాడు.

రెండోసారి పోసింది. తాగాడు. మళ్ళీ ఊపలేదు.

అప్పుడర్థమైంది ఆవిడకి. ఎదురుగా నల్లగుడ్డ చుట్టిన ఫొటో ఉంది, కుర్చీలున్నాయి, నలుగురున్నారు, చేదు కాఫీ ఉంది. ఆవిడ ఇవ్వనన్నదాన్ని ఈ ముసలాయన సినిమావాళ్ళ దగ్గర ఎరువు తెచ్చుకుంటున్నాడు. ఒళ్ళంతా మంటెక్కింది. కూజా అక్కడే పడేసి వెళ్ళిపోదామనుకుంది. కప్పు మాత్రం ఆవిడ ముందే ఉంది.

"నీకు అక్కర్లేకపోతే నువ్వు తాగకు" అన్నాడాయన గుసగుసగా. "వాడు బతికున్నాడనే అనుకో. ఎదురుచూడు. నేను కాదనను. నాకు మాత్రం పొయ్యి. ఎదురుచూసేంత టైము నాకు లేదు, ఉమ్ నదీమ్."

పదమూడేళ్ళు కప్పులు చూసిన మనిషి. ఊపని కప్పుకి పొయ్యకుండా ఎప్పుడూ ముందుకు నడవలేదు. పోసింది. ఈసారి ఆయన తాగి, మెల్లగా అటూ ఇటూ ఊపి, కప్పు ఆవిడ చేతికిచ్చాడు. ఇచ్చి, రెండు అరచేతులూ ఎత్తాడు.

"ఫాతిహా" అన్నాడు పైకే.

సినిమా కథలో ఆ మాట ఆయన అనాల్సింది కాదు. తండ్రి వేషం వేసిన నటుడు అయోమయంగా చూశాడు. కాని మంగలి అబూ రియాద్ చేతులెత్తాడు. బేకరీ ముసలాయన ఎత్తాడు. ఆడవాళ్ళ వైపు బద్రియ్యా ఎత్తింది, ఆ వరసంతా ఎత్తింది. ఎవరి కోసమో ఒక్కళ్ళూ అడగలేదు. హాలంతా సన్నటి గొణుగుడు. గొణుగుడు అయ్యాక మంగలి లేచి, నటుణ్ణి దాటుకుని వచ్చి, అబూ నదీమ్ చెయ్యి పట్టుకుని, "అల్లా నదీమ్‌ని కరుణించుగాక" అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు లేచారు. నటుడి కుర్చీ ముందు ఎవరూ ఆగలేదు. ముసలాయన లేవబోతే భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, పదమూడేళ్ళుగా నోట్లో దాచుకున్న మాట ఆయనకి చెప్పి వెళ్ళారు.

జుమానాకి ఏం జరుగుతోందో తెలీలేదు. ఆపమని మాత్రం అనలేదు.

ఉమ్ నదీమ్ నడవలో నించుండిపోయింది, ఎడమచేతిలో కూజా, కుడిచేతిలో కప్పుల దొంతి. ఆ తర్వాత మిగిలినవాళ్ళకి కూడా పోసింది. ఒక్క చుక్క ఒలకలేదు.

కెమెరా ఆగాక జుమానా దగ్గరికొచ్చింది. అప్పటికే బద్రియ్యా చెవిలో వేసేసింది.

"పిన్నీ... ఇది సినిమాలో పెట్టొద్దంటే తీసేస్తాను."

"ఆయన్నడుగు. నాదేముంది? నేను కాఫీ పోశాను" అంది ఉమ్ నదీమ్. "నేను చెయ్యెత్తలేదు. నా చేతులు ఖాళీ లేవు."

అబూ నదీమ్ ఉంచమన్నాడు.

ఆ సాయంత్రం ఇద్దరూ ఇంటికి నడిచారు. మెట్ల మలుపు దగ్గర ఊపిరి కోసం ఆగి ఆయన, "నేను తాగాను. నువ్వు తాగలేదు. సరేనా?" అన్నాడు.

"సరే" అందావిడ.

ఆ రోజు తర్వాత ఆయన కూజా వంక చూడటం మానేశాడు. దగ్గు తగ్గలేదు గాని మనిషి తేలికపడ్డాడు. పాత టాక్సీ ప్రయాణికుల కబుర్లు చెప్పేవాడు, బద్రియ్యాతో పాచికలాడి దొంగాట ఆడేవాడు. బద్రియ్యా మాత్రం ఆవిణ్ణి దెప్పేది. "మొత్తానికి మొగుడు నీ కొంగు చాటునే పని కానిచ్చేశాడే." ఆవిడది ఎప్పుడూ ఒకటే జవాబు. "ఆయన ఏడుపు ఆయనది. నా చేతులు ఖాళీ లేవు, నేనెత్తలేదు. నా కొడుకు లెక్క నా దగ్గర అలాగే ఉంది." ఈ మాట వీధిలో కూడా చెప్పింది. ఎవరూ అడక్కపోయినా చెప్పింది.

డిసెంబరులో అబూ నదీమ్ పోయాడు, నిద్రలోనే. ఆ మూడు రోజులూ ఆవిడ మొదటిసారి కుర్చీలో కూర్చుంది. కాఫీ బద్రియ్యా కాచింది. "నీళ్ళలా ఉంది" అని గొణిగి కూడా తాగింది ఆవిడ. తాగే ముందు పక్కనున్నవాళ్ళకి వినబడేలా, "ఇది అబూ నదీమ్ కోసం. ఆయన ఒక్కడి కోసమే" అంది. వచ్చినవాళ్ళందరూ భర్త పేరే ఎత్తారు. కొడుకు పేరు ఒక్కరి నోటా రాకుండా ఎంత జాగ్రత్తపడ్డారంటే, ఆ జాగ్రత్త ఆవిడకి కనబడింది.

మరుసటి ఏడాది శరత్కాలంలో హమ్రా పేటలోని ఒక హాల్లో సినిమా వేశారు. జుమానా స్వయంగా వచ్చి రెండు టిక్కెట్లు ఇచ్చి వెళ్ళింది. ఉమ్ నదీమ్ వారం రోజులు వెళ్ళనంది.

"అందులో ఆయన నడుస్తాడు, మాట్లాడతాడు. ఫొటోలో అలా ఉంటాడా?" అంది బద్రియ్యా. "ఒకసారి చూసొస్తే పోయేదేముంది?"

ఆ మాట మీద మధ్యాహ్నం ఆటకి వెళ్ళారు. హాల్లో జనం పల్చగా ఉన్నారు. బడిపంతులమ్మ కష్టాలు గంట పైన నడిచాయి. బాంబులు పడితే బద్రియ్యా అలవాటుగా తల వంచింది, పక్క కుర్చీ కుర్రాళ్ళు నవ్వారు. "నవ్వండి నాయనా, మీ చిన్నప్పుడు ఇవి ఊరికే వచ్చేవి, టిక్కెట్టు అక్కర్లేదు" అంది.

పరామర్శ మొదలైంది. తెర నిండా అబూ నదీమ్ చెయ్యి, నల్ల గోరు.  కప్పు ఊపాడు. అరచేతులెత్తాడు. ఎంత పెద్దగా ఉన్నాడు, బతికున్నప్పుడు ఎప్పుడూ అంత పెద్దగా లేడు. తనివితీరా చూస్తోంది ఆవిడ. చూస్తూ చూస్తూ ఆయన భుజం వెనక ఒక ఆడమనిషిని చూసింది. ఎడమచేతిలో కూజా, కుడిచేతిలో కప్పులు. కళ్ళు మూసుకుని ఉంది.

ఆ మనిషి పెదవులు కదులుతున్నాయి.

ఉమ్ నదీమ్ ముందుకి వంగింది. ఫాతిహా, చిన్నప్పుడు తండ్రి ఒళ్ళో కూర్చుని నేర్చుకున్న ఏడు వాక్యాలు. ఏ పెదవి ఏ మాట దగ్గర మూసుకుంటుందో, ఎక్కడ తెరుచుకుంటుందో ఒకరు చెప్పాలా? మొదటిది. రెండోది. మూడోది. ఒక్క మాట తప్పకుండా, తొందరపడకుండా, సమాధి దగ్గర నించుని చదివినట్టు చదువుతోంది ఆ మనిషి. నాలుగు. అయిదో వాక్యం మధ్యలో బొమ్మ మారిపోయింది. పగిలిన కిటికీ, అవతల పిట్టగోడ మీద పావురాలు. తర్వాత ఇంకేదో వీధి.

ఆ పైన సినిమాలో ఏం జరిగిందో ఆవిడకి తెలీదు. దీపాలు వెలిగాయి. జనం లేచి వెళ్ళిపోతున్నారు.

"చూశావా?" అంది.

"చూశాను. ఎంత దర్జాగా ఉన్నాడు మీ ఆయన!"

"ఆయన్ని కాదు. నా మూతి."

"నీ మూతికేం, బాగానే ఉంది. నాదే ఎక్కడా కనబళ్ళేదు, ఆ పిల్ల నన్ను మొత్తం కోసేసింది..."

"బద్రియ్యా."

  బద్రియ్యా సంచీలోంచి రుమాలు తీసి మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"ఆ రోజే చూశానే" అంది చివరికి. "నీకు ఎదురుగానే కదా కూర్చున్నాను."

"మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? చేతులు ఖాళీ లేవు, చేతులు ఖాళీ లేవు అని పొద్దస్తమానం చెప్పుకు తిరిగావు. అది కూడా లాగేసుకుంటే నీకేం మిగులుతుంది?"

ఉమ్ నదీమ్ ఖాళీ తెర వంక చూస్తూ కూర్చుంది. ఒళ్ళో చేతులు ఎవరివో అన్నట్టు పడి ఉన్నాయి. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, ఆవిడ తుడుచుకోలేదు. మొదటి ఏడాది గుక్కపట్టి ఏడ్చింది, తర్వాత బతికున్నవాడి కోసం ఏడవకూడదని మానేసింది. ఆ కన్నీళ్ళు ఇన్నేళ్ళూ ఎక్కడున్నాయో.

"ఆమీన్ అన్నానా నేను?"

"ఏమో, నాకు కనబడలేదే. అప్పటికే నా కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి."

"చివరిదాకా చదివానా, మధ్యలో ఆపానా?"

"తెలీదు ఉమ్ నదీమ్. అల్లా మీద ఒట్టు, నాకు తెలీదు." బద్రియ్యా లేచి ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. "పద, ఇంటికి పోదాం. తలుపులు మూసేస్తారు."

"మూయరు. అయిదింటికి ఇంకో ఆట ఉంది."

"ఉంటే?"

"నువ్వు పో. నేను ఎక్కడిదాకా వచ్చానో చూసుకుని వస్తాను."

"పిచ్చిదానా, అక్కడే కోసేశారు కదే. వందసార్లు చూసినా అంతే, ఆ పావురాలే వస్తాయి."

"తెలుసు" అంది ఉమ్ నదీమ్. లేవలేదు.

ఊడ్చేవాడు వచ్చి రెండు వరసల అవతల కాగితాలు ఏరుతున్నాడు. బద్రియ్యా తలుపుదాకా నడిచి, అక్కడ కాసేపు నించుని, తిరిగొచ్చి పక్క కుర్చీలో కూర్చుంది.